సూర్యుణ్ణి కొట్టానికి పిలిచిన మధ్యాహ్నం

మా ఓర్విన్ అన్నయ్య అబద్ధాలాడే మనిషి కాదు. ఉన్న మాటను పట్టుకుని కాస్త మేపుతాడు, అంతే. పొద్దున దూడగా కట్టేసిన మాట సాయంత్రానికి ఆబోతై రంకె వేస్తుంది. ఇది మా ఇంటి రక్తంలోనే ఉంది. నార్వే నుంచి అమెరికా వస్తున్నప్పుడు ఓడలో తుఫాను లేచిందని, తన ఫిడేలు విని సముద్రం నిద్రపోయిందని మా తాత పోయేదాకా చెప్పాడు. ఆ ఫిడేలు ఇప్పుడు నా దగ్గరే ఉంది. దానికి తీగలు లేవు. ఎప్పుడూ లేవని మా నానమ్మ చెప్పేది.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి కింది హాల్లో అందరం కాఫీకి కూర్చున్నాం. మా నార్వేవాళ్ల పద్ధతిలో గుడ్డు కొట్టి వేసి కాచిన కాఫీ, నిమ్మకాయ బార్లనే తీపి ముక్కలు, ఎవరో తెచ్చిన హాము శాండ్‌విచ్‌లు. వడ్డన వంతు నాది. అన్నయ్య మాత్రం కూర్చోలేదు. ఏప్రిల్లో తన పాడి ఆవులన్నిటినీ అమ్మినప్పటి నుంచి ఆయన ఎక్కడా కూర్చున్నది లేదు. మొన్న రంగు వేసిన తపాలా పెట్టెకు మళ్లీ రంగు వేస్తాడు. బిగిసే ఉన్న గేటు మరలు ఇంకోసారి బిగిస్తాడు. కీర్తన మొదటి చరణంలో లేచి కిటికీ మూసి వస్తాడు, రెండో చరణంలో వెళ్లి తెరిచి వస్తాడు. దేవుడు ఓపిక గలవాడు కాబట్టి సరిపోయింది.

అన్నయ్య, ఆర్డిస్ వదిన గురువారం షికాగో వెళ్లి వచ్చారు. అది చిన్న సంగతి కాదని ఆ హాల్లో అందరికీ తెలుసు. పాడి ఉన్నవాడికి లోకం ఎంతంటే, పొద్దుటి పాలకూ సాయంత్రం పాలకూ మధ్య వెళ్లి రాగలిగినంత. వాళ్ల పెళ్లినాడు విందు మధ్యలో ఇద్దరూ లేచి వెళ్లి, పెళ్లిబట్టల మీద పాత కోట్లు తొడుక్కుని పాలు తీసి, తిరిగొచ్చి కేకు కోశారు. ఆ ఫోటో కూడా నా దగ్గర ఉంది. వదిన తెల్లగౌను అంచున ఒక గడ్డిపరక కనిపిస్తుంది.

అన్నేళ్లలో వదిన తనకోసం కోరుకున్నది ఒక్కటే. చిన్నప్పుడు వాళ్ల వంటింట్లో దాణా కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండరు ఉండేదట. అందులో షికాగో పార్కులోని పెద్ద ఫౌంటెన్ బొమ్మ, చీకటి పడ్డాక రంగురంగుల దీపాలతో. ఏడాది మారినా ఆ కాగితాన్ని గోడ మీంచి తీయనివ్వలేదట. ఆవుల్ని అమ్మిన ఏడాది తీసుకెళ్లి చూపిస్తానని అన్నయ్య మాట ఇచ్చాడు. రాత్రిపూట సరస్సు గాలికి చలేస్తుందని ఆమె నీలం స్వెటరు కూడా కొనుక్కుంది.

"అయితే మ్యూజియాలు చూసి వచ్చారన్న మాట," అన్నారు పాస్టరు గారు. పాపం, ఆయన మా ఊరికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు.

అన్నయ్య కాఫీ కప్పుతో కిటికీ దాకా నడిచి, వెనక్కి వచ్చాడు.

"చెప్పుకోదగ్గది ఏమీ లేదు పాస్టరు గారూ. పికప్పు బండి పక్క ఊళ్లో వదిలేసి రైలెక్కాం, దిగాం. జనం నాలుగు దిక్కులకూ పోతున్నారు. నేను ఎవర్నీ దారి అడగలేదు. గాలి వాసన చూశాను. సరస్సు ఎటుందో తెలిసింది, అటు నడిచాం. అంతే."

"షికాగోలో గాలి వాసన చూశావు," అంది పియానో వాయించే వెర్డెల్.

"చూశాను. అంతే అంటే అంతే కూడా కాదనుకో. నేను నడుస్తుంటే వెనకాల అడుగుల చప్పుడు. తిరిగి చూద్దును కదా, దారి తప్పినవాళ్లు ఓ యాభై మంది, ఈ టోపీవాడికి దారి తెలిసినట్టుందని నా వెంట వస్తున్నారు. అందులో సగం మంది ఆ ఊరివాళ్లే. ఒకాయన పోలీసు. సరే, చూస్తూ చూస్తూ వదిలేస్తామా, ఎవరి గుమ్మం దగ్గర వాళ్లను దింపి, అప్పుడు వెళ్లాం బొమ్మల మ్యూజియానికి."

వదిన కాఫీలో చెంచా తిప్పుతోంది. ఆమె చక్కెర వేసుకోదు.

బొమ్మల మ్యూజియంలో ఒక గది నిండా పాతకాలం పటాలున్నాయట. ఒక పటంలో ఎర్రావు. పొదుగు నిండిపోయి గేటు దగ్గర నిలబడి ఉంది. వచ్చినవాళ్లు రంగులు చూస్తున్నారు, చట్రం చూస్తున్నారు, ముందుకు పోతున్నారు. ఒక్కడికైనా పట్టిందా అని అన్నయ్య హాలంతా కలయజూశాడు.

"నూరేళ్ల పైచిలుకుగా ఆ ఆవు పాలు ఎవరూ తీయలేదు. దాని కళ్లు చూస్తే మీకు అన్నం సయించదు. నేను పక్కగా వెళ్లి, ఎవరూ వినకుండా నాలుక చప్పరించాను. చెవి కదిలింది."

"పటంలో ఆవు చెవి," అన్నారు పాస్టరు గారు.

"ఎడమ చెవి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేం బయటికి వచ్చేసరికి పటం కింద నేలంతా తడి. కాపలా ఆయన గుడ్డ తెచ్చి తుడవబోయి, వేలు ముంచి నాలుకకు రాసుకుని, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వెన్న బాగా ఉందండీ అన్నాడు."

నవ్వులు లేచాయి. అన్నయ్యకు ఆ నవ్వే దాణా. కప్పు బల్ల మీద పెట్టాడు, మళ్లీ తీశాడు, ఇంకో బల్ల మీద పెట్టాడు. అక్కణ్ణించి ఎముకల మ్యూజియానికి వెళ్లారట. అక్కడ రెండంతస్తుల ఎత్తున పాతకాలపు రాక్షసి జంతువు ఒకటి, ఒట్టి ఎముకలు.

"దానికి ఎవరైనా మేత వేసి ఎన్ని లక్షల ఏళ్లైందో. నేను ఒప్పుకోనంటే ఒప్పుకోను. కావాలంటే ఆర్డిస్‌ను అడగండి."

అందరూ వదిన వైపు చూశారు.

"ఎముకలైతే ఉన్నాయి," అంది వదిన.

"చూశారా. నేను మెట్ల మీద నిలబడి, మామూలుగానే, ఇంటి దగ్గర పిలిచినట్టే పిలిచాను. కమ్ బాస్, కమ్ బాస్."

మా వైపు మేతబీడు నుంచి ఆవుల్ని ఇంటికి పిలిచే పిలుపు అదే. హాల్లో సగం మంది పొద్దునే ఆ మాట అని వచ్చినవాళ్లు. ఆ పిలుపుకు ఎముకలు కటకటలాడాయట, తల వంచి దిగి వచ్చాయట. వాకిట్లో గుండ్రంగా తిరిగే తలుపు దగ్గర ఇరుక్కుపోతే, ఆవును గాట్లోంచి వెనక్కి తీసినట్టు అన్నయ్య దాన్ని తోకవైపు నుంచి తీసి, పక్కవాకిలి గుండా తోలాడట. రోడ్డు మీద బస్సులు ఆగిపోయాయట. ఒక బస్సు డ్రైవరు కిందికి దిగి, మీకు ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి అని అడిగితే, ఇది నాది కాదు, ఊరికే మేపడానికి తీసుకెళ్తున్నానని చెప్పాడట.

"పార్కులో వదిలాను. పచ్చటి గడ్డి. తింటోంది తింటోంది, తిన్నది తిన్నట్టు పక్కటెముకల్లోంచి కింద పడిపోతోంది. అప్పుడు అర్థమైంది నాకు, అన్ని లక్షల ఏళ్లుగా అది ఒళ్లెందుకు చేయలేదో."

వెర్డెల్ కళ్లు తుడుచుకుంటోంది. ఆ సమయంలోనే మెట్లు దిగి సెల్మర్ వచ్చాడు. సెల్మర్ పొలం అన్నయ్య పొలానికి రోడ్డు అవతల. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద చదువుకున్నారు. ఏప్రిల్లో అన్నయ్య ఆవుల్ని కొన్నదీ ఆయనే. ఒక శాండ్‌విచ్ తీసుకుని చివరి కుర్చీలో కూర్చున్నాడు.

"అవన్నీ సరే," అంది వెర్డెల్. "ఆర్డిస్ ఫౌంటెన్ సంగతి చెప్పు. దీపాలు చూశారా?"

గోడ వారన పేర్చి ఉన్న మడత కుర్చీలు సరిగ్గానే ఉన్నాయి. అన్నయ్య వెళ్లి వాటిని సర్ది వచ్చాడు. వదిన చెంచా తిప్పుతూనే ఉంది.

"చూడకుండా ఎలా ఉంటాం. పార్కుకు వెళ్లేసరికి ఇంకా మధ్యాహ్నమే. ఫౌంటెన్ తెల్లగా ఉంది, ఒట్టి నీళ్లు. చీకటి పడితే గాని దీపాలు వెలగవట. ఆర్డిస్ బెంచీ మీద కూర్చుని, చీకటి పడేదాకా కూర్చుందాం అంది. కూర్చోవచ్చు. నేను కూర్చోలేనని కాదు. కానీ పాపం ఆమెను అంతసేపు ఎందుకు ఎదురు చూడనివ్వాలి? పైన సూర్యుడు చూస్తే తీరిగ్గా మేస్తున్నాడు, ఇంటికి పోవాలన్న ధ్యాసే లేదు. నేను లేచి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని..."

"వద్దు," అన్నారు పాస్టరు గారు మెల్లిగా.

"కమ్ బాస్ అన్నాను. ఒక్కసారే. సూర్యుడు తలెత్తాడు. నా గొంతు వాడికి తెలియనిది కాదు కదా, నలభై ఏళ్లుగా పొద్దున్నే వాడికంటే ముందు లేచి వాణ్ణి లేపింది నేనే. కాసేపు ఆలోచించాడు, కదిలాడు. ఆ పెద్ద మేడల మధ్య నుంచి వంగి వంగి, పొదుగు నిండిన ఆవులాగా మెల్లిగా నడిచొచ్చి, ఊరి వెనక్కి వెళ్లి పడుకున్నాడు. చీకటి. దీపాలు వెలిగాయి. ఎర్రగా, పచ్చగా, ఊదాగా, పేరు లేని రంగులు కూడా. నీళ్లు ఎంత ఎత్తుకు లేచాయంటే పైన పోతున్న విమానంవాడు అద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. నీళ్లన్నీ ఫౌంటెన్‌లోకే వచ్చేస్తే సరస్సులో పడవలు బురదలో కూర్చున్నాయి. ఆ చల్లదనానికి ఆర్డిస్ నీలం స్వెటరు వేసుకుంది. వేసుకుని చూసింది. అన్నేళ్లు ఎదురుచూసింది కదా, తనివితీరా చూసింది."

చివరి మాటకు ఆయన గొంతు తగ్గింది. కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. శుక్రవారం నేను వాళ్లింటికి రొట్టె ఇవ్వడానికి వెళ్తే ఆ స్వెటరు దుకాణం సంచిలోనే ఉంది, ధర చీటీ కూడా తెంపకుండా.

వదిన చెంచా పక్కన పెట్టింది.

సెల్మర్ శాండ్‌విచ్ నమలడం ముగించాడు. "గురువారమే కదూ ఇదంతా?" అన్నాడు.

"గురువారమే."

"మా వైపు సూర్యుడు దిగలేదురా ఓర్విన్. సాయంత్రం పాలకు ఆవుల్ని తోలుతున్నాను, ఎండ కళ్లలో కొడుతోంది. ఇంతలో మీ కొట్టంలో రేడియో మోగింది. పోల్కా డాన్సు పాట. నీ దగ్గర కొన్న ఆవులన్నీ ఆగిపోయాయి. తలలెత్తి విన్నాయి. తర్వాత అన్నీ కలిసి వెళ్లి రోడ్డు పక్క కంచెకు మూతులు ఆనించి నిలబడ్డాయి. నేను పిలిస్తే ఒక్కటి తిరిగి చూడలేదు. రోడ్డవతల నువ్వు కొట్టం గుమ్మంలో ఉన్నావు. షికాగో వెళ్లిన బట్టల్లోనే."

వాళ్ల కొట్టంలో పాలు తీసేటప్పుడు రేడియో పెట్టడం మా నాన్న నాటి అలవాటు. ఆవులు పోయాక కూడా అది ఆ మేకుకే వేలాడుతోందని నాకు తెలుసు. ఎవరైనా మోగిస్తున్నారని తెలియదు.

అన్నయ్య నోరు తెరిచాడు. మేపడానికి ఒక్క మాట దొరకలేదు.

మాట్లాడింది వదినే. ఆమె గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. ఆ రోజు అందరూ ముందుకు వంగి విన్నారు. బెంచీ మీద కూర్చున్న కాసేపటికే అన్నయ్య సూర్యుడి వైపు చూసి, పాలకు ఆలస్యమవుతుంది అన్నాడట.

"వెళ్దాం పద అన్నాను నేను. ఆయన ఒక్కడిదే తప్పని అనుకోవద్దు. నా కాళ్లు కూడా వాటంతట అవే లేచాయి. ఇద్దరం పరిగెత్తినట్టు నడిచి రైలెక్కాం. సగం దారిలో కిటికీలోంచి ఎవరివో ఆవులు కనిపించాయి. అప్పుడు గుర్తొచ్చింది మాకిప్పుడు ఆవులు లేవని. ఈయన ముఖం చూశాను. ఈయనకూ అప్పుడే గుర్తొచ్చింది. రైలు ఆగదు కదా."

అన్నయ్య కిటికీ వైపు చూస్తున్నాడు. "దిగి ఇంకో రైలెక్కి వెనక్కి పోవాల్సింది," అన్నాడు.

"పోవాల్సింది," అంది వదిన. సెల్మర్ వైపు తిరిగింది. "వచ్చే గురువారం మళ్లీ వెళ్తున్నాం. చీకటి పడేదాకా ఉంటాం, ఆఖరి రైలుకు వస్తాం. నువ్వు రేపు వచ్చి ఆ రేడియో పట్టుకెళ్లు సెల్మర్. అది వినడానికి అలవాటు పడ్డవి నీ దగ్గరున్నాయి. ఖాళీ కొట్టంలో ఎందుకు?"

సెల్మర్ తల తిప్పి అన్నయ్య వైపు చూశాడు. అందరం అన్నయ్య వైపే చూశాం. ఆయన చేతులు టోపీ అంచును తిప్పుతున్నాయి, ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు. నేను మనసులో ఒక చిన్న ప్రార్థన చేసుకున్నాను.

అప్పుడు ఆయన వదిన పక్కన ఉన్న కుర్చీ లాగి కూర్చున్నాడు.

"స్టేషను మార్చకు," అన్నాడు సెల్మర్‌తో. "ఆ గుండ్రటి మీట తిప్పితే మళ్లీ దొరకదు. వార్తలొచ్చినప్పుడు గొంతు తగ్గించు. ఆ తెల్లచెవి దానికి వార్తలు పడవు, తన్నుతుంది."

"తన్నింది," అన్నాడు సెల్మర్. "ఎందుకో ఇప్పుడు తెలిసింది. రేపు పాలకు ముందే వస్తాను."

నేను అన్నయ్య కప్పులో వేడి కాఫీ పోశాను. ఆయన లేవలేదు. కొంతసేపటికి పాస్టరు గారు, మనిషి మంచివాడు, అందరి చూపూ అన్నయ్య ఒక్కడి మీదే ఉండకూడదనుకున్నారో ఏమో, మరి ఈసారి సూర్యుడి సంగతేమిటని అడిగారు.

అన్నయ్య వదిన వైపు చూసి, కప్పు ఎత్తి ఒక గుక్క తాగాడు.

"ఈసారి పిలవను," అన్నాడు. "వాడికి దారి తెలుసు. వాడంతట వాడు ఇంటికి చేరేదాకా మేం కూర్చుంటాం."