రెండు రెక్కలకు బొట్టు

"అమ్మమ్మా, గోడ మీది గా కట్టె పంకకు రెండు దిక్కుల బొట్టెందుకే?"

అదా? విమానం ముందర తిరుగుతది సూడు, గా పంక. మీ తాత చేసిన మొదటిది. ఈ అరబ్బు దేశమొచ్చిన కొత్తల హమ్రియా బస్తిల దర్వాజలు చేసెటోడు గద, ఊర్ల నాగండ్లు చేసిన వడ్లోల్ల చెయ్యి. ఈడి అర్బాబు, అదే అరబ్బు సేటు, ఒకాయనకు ఇద్దరు కూసునే చిన్న విమానముండె. ఇసుకల దిగంగ పంక ఇరిగింది. ముక్కలు తెచ్చి, గిసొంటిది చెయ్యి అన్నడు. చేసిండు. చేసినంక అర్బాబు ఏమన్నడెర్కేనా? "నేను నడుపుత, చేసినోడివి నువ్వు పక్కన కూసో." ఉషారే గద!

నాకు పాణం గుంజింది. మీ అమ్మ అప్పుడు సంకల... కాదు కాదు, నడుస్తుండె. సీబ్ ఊరవతల మైదానం కాడికి నేను గూడ పోయిన. పంక ఇంక బిగియ్యలే. పసుపు తడిపి, ఒక రెక్కకు ఇంత మందం పూసి, కుంకుమ వెట్టిన.

విమానం కన్న ముందు మీ తాత ఎగిరిండు. "ఏమే! గీకి గీకి సమానం తెచ్చిన. ఒక దిక్కు బరువైతె బండి మొత్తం వణుకుతది. తుడువు!"

"బయలెల్లేటోని బొట్టు ఏ పెండ్లాం తుడుస్తది?"

"నేనే తుడుస్త."

"చెయ్యి వెట్టి సూడు."

అర్బాబేమో, ఏం లొల్లని హిందీల అడుగుతుండు. ఇగ మీ తాతనే రెండో రెక్కకు పూసిండు. పంక నడుమ బొక్కల ఇనుప సువ్వ దూర్చి, రెండు కుర్చీల మీద వెట్టి సూస్తె ఇటు దిగె. అటింత పూస్తె అటు దిగె. మొగని పాణం నా పసుపు గిన్నెల వడ్డది పో!

ఎగిరిండ్రు. కొంగు నోట్ల కుక్కుకున్న. దిగినంక మీ తాత మొదటి మాట, "ఇంకోపాలి పోదమా?" అంగి మీద కక్కుకున్నడు, అది వేరే ముచ్చట. తర్వాత నడుపుడు గూడ నేర్సుకున్నడు, పంకలు చేసుడే పనాయె. ఓపాలి సోహార్ పట్నంల పంక కొనెటాయన కొత్త పంక తిప్పి తిప్పి సూసి, "ఎర్ర చుక్కలేవి, మరిసినవా?" అన్నడు. అవి గూడ మిషన్ సామానే అనుకున్నడు, పాపం!

ఆకాశమేం జెయ్యలే మీ తాతను. మంచంలనే పోయిండు, జరమొచ్చి. దినాలకు ఊరికి పోతె మా ఆడిబిడ్డ నా బొట్టు తుడువొచ్చింది. "ఆగు, ఆయన పంకకు బొట్టున్నది, ఒక దిక్కు తుడిస్తె బండి వణుకుతది" అన్న. చెయ్యి ఎనుకకు గుంజుకున్నది. ఇగ ముట్టలే.

రేపే గద నువ్వు విమానం నేర్సుకోను పోయేది? ఇటు రా, మొకం వెట్టు. సల్లగుండు బిడ్డా. ఏయ్, కదలకు, నడిమికే పెడుతున్న, పక్కకు జరిగిందనుకో మల్ల...