పైపుకి తొడిగిన గాజు

"మామ్మా, పగిలిన పైపు సైజెంతని షాపాయన ఫోన్లో అడుగుతున్నాడు. స్కేలు పెట్టి కొలిచాను, అంగుళం ఉంది. అంగుళం పైపని చెప్పీనా?"

ఆగాగు. మల్లీ సేస్తానని సెప్పి ఆ ఫోను పెట్టీ ముందు. పెట్టీసావా? ఇలగ రా, కూకో. స్కేలు ఎక్కడ పెట్టి కొలిసావు? ఈ అంచు నుంచి ఆ అంచుకి, పైపైనే? అనుకున్నాను. మీ తాత మనవరాలివనిపించుకున్నావే. ముక్కూ మొకమూ మీయమ్మవి గానీ కొలత మాత్రం మీ తాతదే. అదిగో, ఆ మంచం మీద కల్లు మూసుకోని పడుకున్నాడు సూడు, నిద్దరనుకుంటన్నావేటి? సెవులు రెండూ ఇటే ఉన్నాయి. నాను ఏ కత ఎత్తుతానో ఆయనకి తెలిసిపోనాది మరి.

నాను ఈ ఊరు కాపరానికొచ్చిన కొత్తలమ్మా. మా కన్నోరిది పాతపట్నం దరి కదా, మా నాన్న వంగ నారు పోసాడంటే సంతలో మరొకలి వంకాయ ఎవలూ ముట్టీవోలు కాదు. ఆ పాతపట్నం సంత... సరే, అది కాదు కదా నాను సెప్పీది, పైపు. ఇక్కడ మా అత్త, అంటే మీ తాత కన్నతల్లి, ఆవిడ మాటంటే మాటే. నూతి పక్కన మడి ఒకటుండీది. ఏటా అందులో గోగే ఏసీవోలు, నారకి. నాకు నోరూరుకోదు కదా, "అత్తా, ఆ మడి నాకిస్తే వంగ ఏస్తాను" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా సూసింది. "ఒక్క పంటకి ఇస్తాను. మొక్క ఎండిందా, మల్లీ గోగే. ఇంక ఈ ఇంట్లో నీ యవసాయం మాట ఇనపడకూడదు" అంది.

అప్పుడు కరెంటు మోటార్లెక్కడివి. ఊరందరికీ కలిపి ఒక ఆయిలింజిను. ఎడ్లని కట్టి ఒకల నూతి కాడ నుంచి మరొకల నూతి కాడికి ఈడ్సుకెల్లీవోలు. వంతుల్లెక్క. పొద్దు పొడిసిన కాడ్నుంచి పొద్దు గూకీ దాకా నీది, గూకిందంటే పక్కోడికి ఎలిపోద్ది. ఈలోగా నీ నూతి కాడ ఏ సిక్కొచ్చినా ఎవలూ ఆగరు. మల్లీ మన వంతు వచ్చీ లోగా వానలే వచ్చీస్తాయని ఎగతాలి సేసీవోలు. నా వంగ నారు అప్పటికే తలలు ఏలాడేసీసింది. ఆ దినం నీరు తగల్లేదంటే నా మడీ పోనాది, నా మాటా పోనాది.

ఇంజినుకి నీల్లొచ్చీ ఇనప మూతుంటాది కదా, దానికి తగిలించడానికి ప్లాస్టిక్కు పైపులు కావాల. అవి అప్పుడప్పుడే కొత్తగా వస్తన్నాయి. మీ తాత ముందు దినమే టేపొకటి పట్టుకోని పెద్ద ఇంజనీరు లాగ ఎల్లి, ఆ ఇనప మూతికి అడ్డంగా పెట్టి కొలిసాడు. అచ్చం నీలాగే. రెండంగులాల పైన, అరకి పిసరు తక్కువొచ్చింది. "రెండున్నర" అని ఆయనకాయనే కాయం సేసీసుకోని, జంక్షన్లో షాపుకి బండి కట్టుకెల్లి, రెండున్నర అంగులాల పైపులు తెచ్చీసాడు. షాపోడు అడిగింది ఇస్తాడు గానీ, ఎక్కడ కొలిసావు నాయనా అని అడుగుతాడేటి?

మర్నాడు పొద్దున్నే ఆ పైపు మూతికి తొడిగితే, పెద్దోడి సొక్కా సంటోడికి ఏసినట్టున్నాది. గోనె గుడ్డ సుట్టాడు. సైకిలు ట్యూబు సుట్టాడు. "ఇంజిను తిప్పండిరా" అన్నాడు. తిప్పారు. నీల్లన్నీ మీ తాత మీదే. మడికి సుక్క రానేదు గానీ ఆయనకి మట్టుకు తలంటు తానం అయిపోనాది. గట్టు మీద జనం ఒకటే నవ్వు. ఏటయ్యా, దుప్పటి కదుల్తంది, నవ్వుతన్నావేటి?

కొలిసింది తప్పు కాదమ్మా. కొలిసింది ఎలపట, అడిగింది లోపల. ఇనప పైపు రెండంగులాలన్నారంటే లోపలి కన్నం లెక్క. ఇనుము మందం కలుపుకుంటే బయట రెండుంబావు దాటీస్తాది. మన గాజు సూడు, గాజు సైజంటే ఏటి? సెయ్యి పట్టీ లోపలి బొక్కే కదా. మొగోలకి ఈ సంగతి ఏలగ తెలుస్తాది, ఆల్లు గాజులు తొడుక్కోరు కదా. ప్లాస్టిక్కుది మరో తిక్క. మిల్లీమీటర్లలో సెప్తే ఎలపటి కొలత, అంగులాల్లో సెప్తే పాత ఇనప పైపు పేరు. నీ పైపు ఎలపట అంగులముంటే అది పాతిక మిల్లీమీటర్లది, దాన్ని షాపులో ముప్పావు అంటారు. అంగులమని సెప్పుంటే ముప్పై రెండుది ఇచ్చీవోడు, మీ తాతలాగ గోనె గుడ్డ సుట్టుకుందువు. గుండ్రటి దాని మీద స్కేలు జారిపోద్ది, దారం సుట్టు. ఆ దారం పొడుగుని మూడుమ్మీద కొసరుతో భాగించు. ఆ కొసరెంతో నీకే తెలుసు, సదువుకున్నావు కదా.

ఎంతవరకు సెప్పాను? ఆ, తానం. జనం నవ్వుతంటే నాకు ఏడుపు రావాల గానీ సెయ్యి ముందు పోనాది. ఒక గాజు తీసి ఆ ఇనప మూతికి పెట్టాను. ఇరుగ్గా, గీసుకుంటూ దిగింది. నా గాజు సైజు రెండు ఆరు. అంటే ఆ ఇనుము నా సెయ్యంత. దాని మీదకి ప్లాస్టిక్కు ఎక్కాలంటే దాని మందం కూడా కలవాల కదా, ఒక సైజు పైకెల్లాల. రెండు ఎనిమిది. ఆ గాజు ఎవలిదని ఊరంతా తిరగక్కర్లేదు, మా అత్తదే. గాజులోడొస్తే నా పక్కనే కూకోని తొడిగించుకునీది.

మడి ఎప్పుడెండుతాదా అని సూసీ మనిసిని ఆ మడి కోసమే గాజడగాల. ఎల్లాను. సింతపండు పిక్కలు తీస్తంది. "అత్తా, మీ గాజొకటి ఇయ్యండి, పైపు కొలవాల" అన్నాను. తలెత్తి సూసింది. తిడతాదనుకున్నాను. సెయ్యి సాపి "సబ్బు తే" అంది. సబ్బు రాసి ఒక్కటే మెల్లగా లాగాను. మట్టి గాజు. "సిట్లిందంటే నీ మొగుడ్ని ఇంట్లోకి రానీను" అంది.

మీ తాత దాన్ని తువ్వాలు కొంగున కట్టుకోని, కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకోని, ఆ పైపులు మల్లీ బండికెత్తుకోని జంక్షన్‌కి ఎల్లాడు. షాపులో ఒక్కో పైపుకీ గాజు తొడిగి సూస్తంటే అక్కడున్నోలు "ఏటి బావా, పైపుకి సీమంతమేటి?" అన్నారంట. అన్నారు కాదేటయ్యా? అత్త గాజు సులువుగా దిగిన పైపు షాపోడి లెక్కలో రెండంగులాలదే. మొదటే రెండని అడిగుంటే సరిపోవును.

వచ్చీసరికి పొద్దు వాలిపోనాది. ఎండుగడ్డి మంట మీద పైపు మూతి కాసాం. మెత్తబడగానే ఇనుముకి గట్టిగా నెట్టీసాడు. సల్లారింతర్వాత లాగినా రాదది. ఇంజిను తిప్పారు. సుక్క బయటికి రానేదు, నీల్లన్నీ తిన్నగా మడికే. పక్కోడు ఎడ్లతో వచ్చి నిలబడ్డాడు, ఇంజినుకి. "కుంతసేపు ఆగరా" అని ఆడితో ఎవలన్నారనుకున్నావు? మా అత్త. ఎప్పుడొచ్చిందో తెల్దు, గట్టు మీద నిలబడున్నాది. వంతు తప్పించమని ఆవిడ అంతకు ముందు ఎవల్నీ అడగలేదు.

నాను కాలవ సూస్తన్నాను. ఎనక నుంచి అంది: "ఒసే, నీ మడి గట్టు తెగతంది, సూసుకో."

నీ మడి అందమ్మా. తెగిన గట్టు సంగతి నాకెక్కడ పట్టింది, ఏడుపొచ్చీసింది. మొకం కడుక్కుంటన్నట్టు తలని పైపు నీల్ల కింద పెట్టీసాను. కాపరానికొచ్చిన కాడ్నుంచి ఆ ఇంట్లో అన్నీ సేస్తన్నాను, తుడుస్తన్నాను, ఒండుతన్నాను, ఏదీ నాదని ఎవలూ అనలేదు. నాకూ అనుకోడానికి దైర్యం నేకపోనాది. ఆ మడిలో మల్లీ గోగు పడలేదు. ఆవిడ పోయిందాకా అది కోడలి మడే.

ఎల్లు, ఫోను సెయ్యి, ముప్పావని సెప్పు. తల్లీ, నువ్వే ఇంటికెల్లినా, ఏ ఊరెల్లినా, ఇది నీదే అని ఒకలు నోటితో అనాల. నీ సెవుల్తో నువ్వు ఇనాల. కుర్ర వయసులోనే ఇనాల, నాను ఇన్నట్టు... ఆ, ఎల్లమ్మా ఎల్లు, షాపు కట్టీస్తాడు.