తేనెటీగలకు చెప్పని మాట

“పోతున్నాయ్, మా తేనెటీగలు పోతున్నాయ్!”

విన్నావా అన్నయ్యా ఆ కేక? వీధి ఆ కొసనుంచి మొదలుపెట్టింది నీ కూతురు తిర్జా. కొత్త గౌను మోకాళ్ళ దాకా ఎత్తిపట్టి, ఇనప పెనం మీద గరిటెతో వాయించుకుంటూ పరుగు. అలా మోత మోగిస్తూ వెంటపడకపోతే ఆ గుంపు ఎవరి దొడ్లో వాలితే వాళ్ళదైపోతుందాయె. దాని వెనకాల నేను. యాభై రెండేళ్ళ పెళ్ళికొడుకుని, కోటుకి గులాబీ పువ్వుతో. బెడోస్ ముసలమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, “జెత్రో, పెళ్ళికూతురు అటు కాదయ్యా, ఇంట్లో ఉంది” అంది. నాకూ నవ్వొచ్చింది. ఏం చేస్తాం, నాకు అన్నిటికీ ముందు నవ్వే వస్తుంది.

తీరా ఎక్కడ వాలాయో చూడు. ఊరినిండా ఆపిల్ చెట్లుండగా వచ్చి వచ్చి చర్చి దొడ్లో నీ సమాధి రాయి మీద! లీవై అన్న నీ పేరు కనబడటం లేదు, పుట్టిన ఏడూ కనబడటం లేదు. రాయికి గోధుమరంగు గడ్డం మొలిచినట్టుంది. నీక్కూడా అచ్చం ఇలాగే ఉండేది కదూ?

ఎవరి పెళ్ళి అంటావా? తెలియనట్టు అడక్కు.

సరే, నా నోటితోనే చెబుతా. ఇవాళ పొద్దున లడ్లో పట్నంలో, రిజిస్ట్రారు ముందు, నేనూ కెజియా పెళ్ళి చేసుకున్నాం. నీ కెజియా. పాదిరీ గారు చర్చిలో కుదరదన్నారు. చట్టం మారినా ఆయన మనసు మారలేదట. పోయినేడు లండన్‌లో పెద్దలు కూర్చుని, అన్న పోతే అన్న భార్యని తమ్ముడు చేసుకోవచ్చని రాశారులే. అందాకా ఆమె నాకు తోబుట్టువు కింద లెక్క.

చర్చి గోడకి పట్టిక వేలాడుతుంది చూడు, మగవాడు ఎవరెవర్ని పెళ్ళాడకూడదో రాసింది? మన బెంచీ సరిగ్గా దానికెదురుగా. పద్దెనిమిదో వరస, అన్న భార్య. ఇరవై రెండేళ్ళు ప్రతి ఆదివారం అదే చదివాను. నాకు ఇంకే పాఠమూ అంత బాగా రాదు.

నువ్వు పోయి పదమూడేళ్ళే కదా, ఇరవై రెండెక్కణ్ణించి వచ్చాయంటావు. అక్కడికే వస్తున్నాను, ఉండు.

నువ్వామెని బండి మీద తీసుకొచ్చిన రోజు, దిగేటప్పుడు ఆమె నీలం కోటు గుండీ ఒకటి తెగి పడింది. అందరూ ఆమెని చూస్తున్నారు, నేను గుండీని చూశాను. ఇదిగో, పొగాకు సంచిలో ఉంది. ఇన్నేళ్ళూ ఇందులోనే ఉంది. పొగాకు వాసనే వస్తుందిప్పుడు. నా మంచం కిటికీ వైపు జరుపుకున్నది గాలి కోసం కాదు. మీ ఇంటి పొగగొట్టం కనబడాలని. పొద్దున్నే ఆ పొగ లేవందే నేను గడ్డం గీసుకునేవాణ్ణి కాదు. ఆమెకి ఒంట్లో బాగోలేని రోజున మాసిన గడ్డంతోనే సంతకెళ్ళాను.

తప్పు చేశామా? లేదు. ఆ రోజుల్లో లేదు, నువ్వు పోయాకా లేదు. ఆదివారం భోజనానికి పిలిచేది. నీ కుర్చీ ఖాళీగా ఉంచి, బల్లకి ఆ చివర నేను కూర్చునేవాణ్ణి. “వదినా, ఉప్పందుకో” అనేవాణ్ణి. చీకటి పడక ముందే లేచి వచ్చేసేవాణ్ణి. అయినా బెడోస్ ముసలమ్మ ఊరుకుందా? “జెత్రో, మీ వదిన గడప అరిగిపోయింది, కొత్తది వేయించకూడదూ?” అని నలుగురిలో అడిగింది. ఆ రోజు కూడా నవ్వాను. ఇంటికెళ్ళి మాత్రం నవ్వలేదు.

ఇంతకీ ఇవాళ్టి మాట. పట్నంనుంచి వచ్చాం, చుట్టాలొచ్చారు, పంది తొడ కోసి పెట్టారు, ఆపిల్ కల్లు పోశారు. కూర్చోబోతున్నాం. అంతలో తిర్జా కేక. కెజియా వెళ్ళి, తేనెటీగలుండే గడ్డిబుట్ట ఖాళీగా ఉండటం చూసింది. మేం తిరిగొచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉంది.

“పెళ్ళి సంగతి వాటికి చెప్పావా?” అని అడిగింది.

నీకు తెలియనిదా. ఇంట్లో చావైనా పెళ్ళైనా ముందు తేనెటీగలకి చెప్పాలి. ఇంటి తాళంచెవితో బుట్టని మూడుసార్లు తట్టి, పేరు పెట్టి చెప్పాలి. చెప్పకపోతే అలిగిపోతాయి, ఇంటి మేలంతా మూటగట్టుకు పోతాయి. మగదిక్కుని నేనే కదా చెప్పాల్సింది. లేదన్నాను.

“మరి లీవై పోయినప్పుడు?”

నేను కోటుకున్న గులాబీ సర్దుకున్నాను.

అంతే. ఉంగరం తీసి ఉప్పు గిన్నెలో వేసింది. లీవైకి ఇష్టం లేదు, సాయంత్రం బండికి మా అక్క దగ్గరికి పోతాను, అంది. చుట్టాలు పళ్ళేలు పట్టుకుని నిలబడిపోయారు. తిర్జా నా చేతిలో తాళంచెవి పెట్టి, “వెళ్ళు బాబాయ్, ఏం చెప్పాలో చెప్పిరా” అంది. పెళ్ళి మాట విని అది నాతో మాటలు మానేసి నెలైంది.

అందుకని వచ్చాను. రాయి మీద తట్టనా? తట్టాను. ఒకటి. రెండు. మూడు.

నువ్వు పోయిన రోజు కూడా మూడుసార్లే తట్టాను అన్నయ్యా. నువ్వింకా ముందు గదిలోనే పడుకుని ఉన్నావు. బయట మంచు. వంగి బుట్టకి నోరు దగ్గరపెట్టాను. మీ యజమాని లీవై పోయాడు, ఇక నేను చూసుకుంటాను, ఉండండి, అనాలి. అదే అనుకుంటూ వెళ్ళాను. కానీ నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా?

“కెజియాకి ఇప్పుడెవరూ లేరు” అన్నాను. నవ్వుతూ.

ఏడుపు తర్వాతొచ్చింది. చాలా ఏడ్చాను, అది అబద్ధం కాదు. కానీ ముందొచ్చింది నవ్వే. నీ పేరు ఎత్తనేలేదు. ఆ తర్వాత ఆ బుట్ట దగ్గరికి పోవడానికి మొహం చెల్లలేదు. ముందు వాళ్ళమ్మ, పెద్దదయ్యాక తిర్జా చూసుకున్నారు. నువ్వు పోయావని వాటికి ఎవరూ చెప్పనేలేదు, పదమూడేళ్ళూ అవి నీ కోసమే తేనె పెట్టాయి. ఇవాళ వెతుక్కుంటూ వచ్చాయి. నేనైనా అలాగే వచ్చేవాణ్ణి.

అదీ సంగతి. ఇప్పుడు కుట్టమను. కుట్టనీ.

ఎవరది? … కెజియా. ఎప్పుడొచ్చావు? అంతా విన్నావా?

గోడ మీద చెయ్యి పెట్టి నిలబడింది. టోపీ ఇంకా తియ్యలేదు.

అంది. ఏమందో విన్నావా? నాతోనే అంది, చూపు మాత్రం నీ రాయి మీద.

“ఆ రోజు నువ్వు రెండోవాడివి జెత్రో. తెల్లవారకముందే బుట్ట దగ్గరికి నేను వెళ్ళాను. లీవై పోయాడని చెప్పాను. ఆ తర్వాత నీ పేరు చెప్పాను.”

నా పేరు! ఆ పొద్దున! ఇన్నేళ్ళు ఆ చివర కూర్చుని ఉప్పందుకోమన్నానే…

ఏడుస్తోంది. నేను నవ్వుతున్నాను, ఏం చెయ్యను, నా మొహమే అంత. ఇద్దరం దొంగలమే అన్నయ్యా, ఒకే గోడకి రెండు వైపులా కన్నం వేసుకుంటూ కూర్చున్నాం.

ఇదిగో తిర్జా వచ్చింది, ఖాళీ బుట్టా తెల్లదుప్పటీ పట్టుకుని. దుమ్ము దులిపినట్టు మెత్తగా ఒక్క తోపు తోసింది. సగం గుంపు బుట్టలో పడింది. చేతికి ఒక్కటీ కుట్టలేదు. నీ పేరు మళ్ళీ కనబడుతోంది. బుట్టని దుప్పటి మీద బోర్లించి అంచుకింద రాయి పెట్టింది. మిగతావి ఒక్కొక్కటే లోపలికి నడుస్తున్నాయి, చర్చికి ఆలస్యంగా వచ్చినవాళ్ళలాగా. పొద్దు గుంకేదాకా కదపకూడదంది. మనం వదిలిపోతే మళ్ళీ లేచిపోతాయట.

“మరి తిండో? మాంసం ఎండిపోతోంది” అన్నాను.

“ఇక్కడికే తెప్పించు బాబాయ్” అంది. బాబాయ్ అనే అంది. ఆ పిలుపు చాలు నాకు.

చూడు, అందరూ వస్తున్నారు. బల్లగుడ్డ గడ్డిమీద పరిచారు. పంది తొడ వచ్చింది, రొట్టె వచ్చింది, కల్లు జాడీ వచ్చింది. పాదిరీ గారు తన కిటికీలోంచి చూస్తున్నారు, చూడనీ. బెడోస్ ముసలమ్మ పిలవకుండానే కుర్చీ తెచ్చుకుంది. కెజియా ఉప్పు గిన్నె తెచ్చి, అందులోంచి ఉంగరం ఏరి, తుడుచుకోకుండానే పెట్టుకుంది. కేకు మొదటి ముక్క బుట్ట దగ్గర పెట్టింది. రెండోది నీ రాయి మీద.

పదమూడేళ్ళు నీ బల్ల దగ్గర నేను తిన్నాను. ఇవాళ నా బల్ల దగ్గర నువ్వున్నావు. నీకిష్టమో కాదో ఇక నాకు తెలిసే దారి లేదు. సరే, ఏం చేస్తాం.

కొంచెం జరుగు అన్నయ్యా. కెజియా కూర్చోవాలి.