“నాది” అన్నదెవరు

ఆస్పత్రి గది. మంచం మీద రెండు కాళ్ళకూ కట్లతో బామ్మర్ది, చిన్న విమానం నడపడం నేర్చుకుంటున్నవాడు. పక్కన కుర్చీలో బావ, అతనికి నేర్పేవాడు. బావకు నుదుటి మీద ప్లాస్టర్ ముక్క తప్ప దెబ్బల్లేవు.

“...అంతేరా, ఒక్క ముక్క. ‘విమానం నేనే దింపాను’ అను. చాలు.”

“దింపింది నువ్వు కదా బావా.”

“నీకేం గుర్తుంది? తలకి అంత దెబ్బ తగిలాక గుర్తుండదని డాక్టరే అన్నాడు. చెప్పు, ఏం గుర్తుంది?”

“నువ్వు. నేను. అడ్డగాలి.”

“అంతేనా? ఇంకెవరూ గుర్తులేరా?”

“ఇంకెవరున్నారు బావా?”

“ఎవరూ లేర్రా. మనిద్దరమే.”

“రన్‌వే పక్కన గాలి ఎటుందో చూపించే ఆ గుడ్డ సంచి ఓసారి బిగుసుకుపోతోంది, ఓసారి వేలాడిపోతోంది. మళ్ళీ పైకి లేపేద్దాం, ఇంకో చుట్టు తిరిగొద్దాం అన్నాను.”

“అన్నావేమో.”

“‘పిరికి సన్నాసీ, చూడు ఎలా దింపుతానో’ అని నవ్వావు. ‘నాది’ అని కంట్రోల్ తీసుకున్నావు. ‘నీది’ అని చేతులు తీసేశాను. నువ్వే నేర్పావుగా, ‘నాది’ అన్న మాట వినపడ్డాక వేలు కూడా తగలకూడదని.”

“ఒరేయ్, ఒరేయ్... ఇదంతా ఎవరితోనైనా అన్నావా?”

“ఎవరొచ్చారు అనడానికి?”

“మంచిది. చూడూ, నేర్చుకునేవాడు తప్పు చేస్తే నాలుగు చీవాట్లు పెట్టి వదిలేస్తారు. నేర్పేవాడు చేస్తే లైసెన్సు పోతుంది. జైలు కూడానేమో. నా బతుకు బస్టాండే.”

“అక్కేది బావా? ఒక్కసారి కూడా రాలేదు.”

“అక్కా... బయటే ఉంది. వరండాలో.”

“పిలువు.”

“నిన్నిలా చూస్తే ఏడుస్తుందని నేనే వద్దన్నాను. ఇందాక కూడా అంది, ‘తమ్ముడు నా మాట కాదనడు, నా సంసారం నిలబెడతాడు’ అని.”

“అక్కే అందా?”

“మీ అక్క మీద ఒట్టు.”

“అక్క మీదా?”

“ఒట్టంటున్నానుగా! ఎన్నిసార్లు వేయించుకుంటావు?”

“చాల్లే. అయితే చెప్తాను.”

“నా బంగారం! అదిగో, విచారణ చేసేవాడు వస్తున్నాడు. నేను చెప్పింది పొల్లు పోకూడదు.”

“పొల్లు పోదు బావా.”

“నమస్కారమండీ. ప్రమాదం మీద విచారణకి వచ్చాను. ఓపికుంటేనే మాట్లాడండి. దిగేటప్పుడు కంట్రోల్ ఎవరి చేతిలో ఉంది?”

“నా చేతిలోనేనండి. బావ చెప్పాడు.”

“బావ చెప్పడమేంటి?”

“వాడికింకా మగతగా ఉందండీ. వాడి చేతిలోనే. రాసుకోండి.”

“మీరుండండి. ఆయన్ని చెప్పనివ్వండి.”

“నా చేతిలోనే సార్. విమానంలో మేమిద్దరమే ఉన్నాం. మా అక్క బయట వరండాలో కూర్చుంది. ఇవన్నీ బావే చెప్పాడు, ఇందాకే.”

“ఒరేయ్, ఇంక ఊరుకో—”

“బాబూ... మీ అక్కగారు వెనక సీట్లో... ఆవిడ సంగతి మీకెవరూ చెప్పలేదా? ఆవిడ అక్కడికక్కడే...”

“తెలుసు సార్. ‘నాది’ అని బావ అనగానే, ‘ఏవండీ వద్దు, వాడన్నట్టు పైకి లేపండి’ అని అరిచింది అక్కే. నన్ను బయటికి లాగేవరకూ ఆవిడ చెయ్యి నా భుజం మీదే ఉంది. చల్లబడిపోయాక కూడా.”

“వాడికి మతి పోయిందండీ! వాడి మాటలు రాసుకోకండి!”

“నా మాటలొద్దు సార్, బావ మాటలే రాసుకోండి. విమానం నేను దింపానని, మా అక్క బయట కూర్చుందని. ఆ రెండూ పక్కపక్కనే రాసుకోండి.”