దూలం కింద మాదన్న

మాదన్న అని ఒకాయన ఉండేవాడంట. పిసినారి అనుకునేరు, కాదు. పిసినారి తినడు, పెట్టడు. ఈయప్ప బాగా తింటాడు, వచ్చినోళ్లకి పెడతాడు కూడా. గానీ ఇంట్లో ఏదన్నా ఇరిగిందనుకో, ఇంకొకరి చెయ్యి తగలనియ్యడు. 'నాకు చేతులు లేవా? నా చేతులు నన్ను కూలి అడుగుతాయా?' అంటాడంట. ఆ కాలంలో ఎట్లుండేదో మీకు తెల్దు కదా, ఇనండి. కొయ్యపని చేసే వడ్లాయనకి పనిపనికీ కూలి ఇచ్చేది లేదు. ఏడాదికొక తూరి కళ్లంలో జొన్నలు తూర్పార పట్టినాక మేర అని ఇన్ని గింజలు కొలిచేది. మేర కొలిచినోళ్ల ఇంట్లో మంచం ఇరిగినా, దున్నే మడక పోయినా వడ్లాయన వచ్చి బాగుచేసిపోయేది. అట్లుంటే ఆ ఏడు మౌనాచారి, ఆయనే ఆ ఊరి వడ్లాయన, గోతం చంకన పెట్టుకోని కళ్లంలోకి వస్తే, మాదన్న ఏమన్నాడంటే, 'ఆచారీ, ఇంక నీకు శ్రమొద్దులే. మా ఇంటి మరమ్మతులు నేనే చేసుకుంటా' అన్నాడంట. మౌనాచారి మంచోడు. గోతం దులుపుకోని, 'సరే అన్నా, అవసరమైతే పిలువు' అని పోయినాడు.

ఇంక చూసుకోండి ఆ ఇంటి సంబరం. ముందు మంచం కోడు ఇరిగింది. కొత్త కొయ్య ఎందుకు, ఇంట్లో రోకలుంది కదా అని రోకలి తెచ్చి కోడు కింద బిగించినాడంట. మూడు కోళ్లు మోకాలెత్తు, నాలుగోది రొమ్మెత్తు. పండుకుంటే ఆలుమొగుళ్లు ఇద్దరూ జారిపోయి కింది మూలన మూటల మాదిరి చేరేవాళ్లంట. మర్నాడు ఆయన పెండ్లాం ఓబుళమ్మ కొర్రలు దంచాల. రోకలి యాడ? మంచం కింద. అయితే ఏంది అని తలుపు గడెమాను పీకి ఆమె చేతిలో పెట్టినాడు. తలుపుకి గడెమాను లేదు కదా, మడక పట్టుకునే మేడి తెచ్చి అడ్డం పెట్టినాడు. మడకకి మేడి లేదు కదా, నిచ్చెన మెట్టు పీకినాడు. అట్ల మెట్టు తర్వాత మెట్టు పీకీ పీకీ, ఆఖరికి నిచ్చెన నిలువు కర్రలు కూడా యాడాడికో అతికిచ్చినాడు. 'సూడే ఓబుళమ్మా, గింజ ఖర్చు లేకుండా ఇల్లంతా బాగుచేసినా' అంటే, ఆయమ్మ, 'బాగుందయ్యా, ఏది కావాలన్నా ఇంకొకదాంట్లో వెతకాల' అందంట. నవ్వుతారేం, మీ ఇండ్లు నాకు తెల్దా?

ఇంతకీ ఏమైందంటే, నిచ్చెన లేకపాయ. నిచ్చెన లేకుంటే మిద్దె ఎక్కేదెట్ల? ఎక్కకుంటే వాన దిగకుండా మిద్దె మీద ఏటేటా పోసే చౌడుమన్ను పోసేదెట్ల? పొయ్యలేదు. వాన పడింది, మిద్దె కారింది, కారిన నీళ్లు నడింట్లో దూలం కింద నిలబెట్టిన కంబం మీదికి దిగినాయి. నానీ నానీ కంబానికి చెదలు పట్టింది. అప్పటికి వాళ్ల బిడ్డ సుంకమ్మకి నెలలు నిండొచ్చినాయి. తొలికాన్పు. తొలికాన్పు పుట్టింట్లో కావాల కదా, నాలుగు దినాల్లో బండి కట్టి తోలకరావాల. సరే, బిడ్డొచ్చే లోపల కంబం గట్టిగుందో లేదో చూద్దామని మాదన్న పోయి వేలితో ఇట్ల కొట్టినాడంట. ఇట్లనే, మెల్లిగా. కంబం పొడిపొడిగా రాలిపాయ. దూలం కిర్రుమనింది. మాదన్న గబుక్కున దూరి, రెండు చేతులు పైకెత్తి, నెత్తి ఆనిచ్చి దూలాన్ని పట్టుకున్నాడు.

ఓబుళమ్మ పరిగెత్తుకొచ్చి, 'అయ్యయ్యో, ఆచారిని పిలుచుకొస్తా ఉండు' అంటే, 'వద్దు! నేను పట్టుకోనుండా కదా, దీనికేమన్నా ఖర్చయితాందా?' అన్నాడంట. ఎన్నాళ్లుంటావయ్యా అంటే, కొండకి పోయి తుమ్మమాను నేనే కొట్టుకొచ్చి, కంబం నేనే చెక్కి, నేనే నిలబెడతా అంటాడు. మరి ఎట్ల పోతావు అంటే, 'అదే ఆలోచిస్తాండా' అంటాడు. పక్కింటోళ్లని ఒక కొయ్య అడుగుదామంటే, వాళ్లు రేపు మన గంప అడుగుతారు, వద్దంటాడు. ఆయమ్మకి ఒళ్లు మండి, నేను పోయి ఆచారిని పిలుస్తా ఏం చేస్తావో చెయ్యి అనింది. 'నువ్వు గడప దాటినావంటే నేను పక్కకి జరుగుతా' అన్నాడంట. చూడండి మగోని బెదిరింపు! ఇంటికి కంబమై నిలబడి, ఇల్లే కూలుస్తానంటాడు. ఆయమ్మ ఏం చేస్తుంది, నెత్తి కొట్టుకోని సంగటి కెలకను పోయింది.

అట్ల నాలుగు దినాలు. పూటకొక సంగటి ముద్ద నోట్లో పెట్టేది, నీళ్లు పోసేది. నిలబడే నిద్రపోయేవాడంట. ఓబుళమ్మ కూడా ఊరుకోలేదు. ఎట్లైనా ఊరికే నిలబడినాడు కదా అని ఒక మోచేతికి ఉట్టి తగిలిచ్చింది, ఇంకొక మోచేతికి గుడ్డలారేసే తాడు కట్టింది, దూడని తెచ్చి కాలికి కట్టేసింది. దానికి కూడా మురిసిపోయినాడంట ఆ మనిషి, 'మేకు ఖర్చు మిగిలిందే' అని! ఐదోనాడు మేనమామ పోయి సుంకమ్మని బండిలో తోలకొచ్చినాడు. బిడ్డ లోపలికొచ్చి చూసి, 'నాయనా, ఇదేంది!' అనింది. 'ఏం లేదమ్మా, కంబం పని చూస్తాండా. నువ్వు లోపల పండుకో' అన్నాడు. సుంకమ్మ ఏడ్చేసింది పాపం. 'నీకు చెయ్యి తిమ్మిరెక్కితే నా మీద, నా కడుపులో బిడ్డ మీద మిద్దె పడుతుంది కదా నాయనా' అనింది. ఆ మాటకి మాదన్న మొదటిసారి కండ్లు పైకెత్తి తన చేతుల దిక్కు చూసుకున్నాడు. కానీ ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు.

మర్నాడు మధ్యాహ్నం నొప్పులొచ్చినాయి. బయటికి తీసకపోదామంటే ఒకటే వాన, కుండలతో కుమ్మరించినట్టు. పక్క గదిలో సుంకమ్మ అరుస్తాంది, ఈడ దూలం మీద మిద్దె నాని బరువెక్కుతాంది. దూడ గుంజుతాంది, ముక్కు మీద ఈగ వాలింది, తోలేదానికి చెయ్యి లేదు. కండ్లు మూసుకోని, 'నా బిడ్డ బతికితే చాలు, నా బిడ్డ బతికితే చాలు' అనుకుంటా నిలబడినాడంట. అప్పుడు కెవ్వుమని ఇనపడింది. ఆడబిడ్డ! ఓబుళమ్మ గుడ్డలో చుట్టి తెచ్చి చూపిచ్చింది. ఎత్తుకుందామంటే చేతులు యాడున్నాయి? పైనున్నాయి. ఆ పసిది చెయ్యి చాపి తాత మీసం పట్టుకునింది. మాదన్న బోరున ఏడ్చి, 'ఆచారిని పిలువే, నేను నా మనవరాలిని ఎత్తుకోవాల' అన్నాడు.

మౌనాచారి తడుసుకుంటా వచ్చినాడు. దూలం చూసినాడు, మాదన్నని చూసినాడు, నవ్వు ఆపుకున్నాడు. 'అన్నా, ఏపమాను కంబం నా ఇంట్లో ఉండాది, చెక్కాల్సింది కొంచెమే. రెండేండ్ల మేర కొలువు' అన్నాడు. సరే కొలుస్తా అన్నాడు మాదన్న. మరి జొన్నలు యాడ? పాతరలో. పాతర యాడ? మాదన్న కాళ్ల కింద! దొంగలకి తెలీకుండా నడింట్లో తవ్విచ్చి బండ మూసినాడు, ఆ బండ మీదే నిలబడినాడు. ఆయన జరిగితేగానీ పాతర తెరుచుకోదు, ఆయన జరిగితే ఇల్లు నిలబడదు. మౌనాచారి మంచోడని ముందే చెప్తి కదా, 'జరుగన్నా, పక్క నుంచి నేను పట్టుకుంటా' అని దూరి దూలం పట్టుకున్నాడు. మాదన్న బయటికొచ్చినాడు. ముందు మనవరాలిని ఎత్తుకున్నాడు. ముద్దు పెట్టుకున్నాడు. ఇల్లంతా చూసుకున్నాడు. మౌనాచారి వైపు చూసినాడు. ఏమన్నాడో చెప్పండి? 'ఆచారీ, నువ్వు నా కంటే బాగా నిలబడినావు. ఆ బాడిసె ఇట్లియ్యి, కంబం నేనే చెక్కుకుంటా' అన్నాడంట!

మౌనాచారి, 'వదినా!' అని ఒకటే కేక. ఓబుళమ్మ వచ్చింది.  మొగుని చేతుల్లోంచి పసిదాన్ని తీసుకునింది, ఆయన్ని మెడ పట్టి, బండకి పక్కన ఆచారి నిలబడిన చోటికే, దూలం కిందికి నెట్టింది, ఆచారిని బయటికి లాగింది. పాతర బండ కొంచెం పక్కకి జరిపి, మాదన్న చూస్తాండంగానే రెండేండ్ల మేర కొలిచి గోతంలో పోసింది. పైన ఇంకొక చేటడు, పసిదాని పేరున. ఒక్కొక్క చేట పడతాంటే ఆ మనిషి మూలుగుతాండాడంట. సాయంకాలానికి కంబం నిలబడింది, మాదన్న చేతులు దిగినాయి.

ఇంతటితో బుద్దొచ్చిందనుకుంటిరా? ఇంటికొచ్చినోళ్లందరికీ ఆ కంబం చూపిచ్చి ఏం చెప్తాడంటే, 'ముందుండిన కంబం పూటకొక ముద్ద తినేది. దాన్ని తీసేసి, తిండి తిననిదాన్ని పెట్టిచ్చినా. ఏడాదికి ఎన్ని జొన్నలు మిగిల్చినానో లెక్కేసుకో' అంటాడంట. ఓబుళమ్మ ఇని నవ్వి ఊరుకుంటుందంట. మహాతల్లి! నేనైతే ఇంకొక తూరి ఆ దూలం కిందికి నెట్టి, మళ్లీ ఆచారిని పిలిచేదాన్నే కాదు.