మారప్ప నేరేడుపండ్ల మిషను

పుంగనూరు బస్టాండుకు ఎదురుగా ఫకీర్ సాహెబ్ టీ అంగడి. జూన్ నెల, మధ్యాహ్నం మూడయింది. మొయిలు పట్టింది గానీ చినుకు రాల్లేదు. బెంచీ మీద ఒక కొసన చౌడేపల్లె పాల గంగప్ప, ఇంకో కొసన సదుం బస్సు కోసం కాచుకోనున్న సుమతి. సుమతికి సదుం పక్కన రెండెకరాల నేరేడు తోట ఉంది. ఈ యేడే తొలి కాపు.

"కాపు బాగుండాదంట గదమ్మా?" అని ఫకీర్ సాహెబ్ పలకరించినాడు.

"బాగుండాది సాయబూ. పండు కోస్తే రెండు దినాలు నిలబడదు, అదే దిగులు" అనింది సుమతి.

అంతే. ఎదురు బెంచీలో మారప్ప టీ గ్లాసు కింద పెట్టేసినాడు. మారప్ప ఒకప్పుడు మదనపల్లెలో ఫ్రిజ్జులు రిపేరు చేసేవాడు. ఇప్పుడు చౌడేపల్లెలోనే ఉంటాడు. చేతికి పని తగ్గింది, నోటికి జాస్తి అయింది.

"రెండు దినాలా? ఏమమ్మా సుమతీ, నేను నేరేడుపండును పద్నాలుగు నెలలు నిలబెట్టినా. మా ఇంట్లోనే. నవ్వద్దు గంగప్పా, పాలల్లో నీళ్ళు పొయ్యడం తప్ప నువ్వేం సూసినావు, ఇను. మా ఇంటామె నాగవేణికి షుగరు గదా, ఆయమ్మకు నేరేడంటే పాణం. సీజను అయిపోతానే మొగం ముడుసుకుంటాది. ఏడాది పొడుగూతా ఆయమ్మకు పండు పెట్టాలంటే ఏం సెయ్యాల అని కూసోని ఆలోచన సేసినా. ఎండలో పెడితే పండు ముడుసుకోని మేకపెంటిక మాదిరి అయితాది. ఫ్రిజ్జులో పెడితే బూజు పడతాది. అప్పుడు ఫోన్లో ఒక వీడియో సూసినా. ఫ్రీజ్ డ్రైయింగు! ఏముండాది దాంట్లో? పండును రాయి మాదిరి గడ్డ కట్టించాల. ఆ పైన దాని సుట్టూ గాలంతా లాగేయాల. గాలి లేకపోతే పండులో ఉండే ఐసు కరగదు, నీళ్ళు కాదు, అట్లే ఆవిరైపోతాది. డబ్బీలో కర్పూరం బిళ్ళ ఎట్ల మాయమైతాది, అట్ల! పండు సైజు సైజే, రంగు రంగే, బరువు మాత్రం బొరుగంత."

"కర్పూరం మాట నిజమే" అన్నాడు ఫకీర్ సాహెబ్, టీ వడగడతా.

"నిజం కాకుండా! ఆ మిషను కొనేది మనకు యాడయితాది? నేనే సేసినా. ముప్పై లీటర్ల పాలక్యాను ఒకటి. పాత ఫ్రిజ్జుల్లో కంప్రెసర్లు రెండు. గాలి లాగేదానికి పంపు కావాల గదా, గంగప్ప బామ్మర్ది ఇంట్లో ఆవులకు పాలు పిండే మిషను ఉండ్లా, దాని పంపు ఇప్పుకొచ్చినా."

"అది తీసకపోయింది నువ్వా!" గంగప్ప లేచి నిలబడినాడు.

"కూసోప్పా, ఇచ్చేసినా గదా! గుప్పెడు నేరేడుపండ్లు, లెక్కబెట్టి గూడా ఎయ్యలా, క్యానులో పోసినా. సైకిలు ట్యూబు కత్తిరించి మూతకు వాషరు ఏసినా. స్విచ్చి ఒత్తినా. మూడో దినం మూత తీస్తే, అబ్బబ్బా, పండ్లు సెట్టు మీద ఉండేట్టే ఉండాయి! ఒకటి నోట్లో ఏసుకుంటే కరకరమనింది, ఆ పైన నాలిక మీద మెల్లిగా కరిగింది, రొంత వగరు, రొంత తీపి. నాగవేణి కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. సరే, అది సిన్న పని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది మామా?" సుమతి బెంచీ మీద ముందుకు జరిగింది.

"ఆశ పుట్టిందమ్మా! రెండోతూరి క్యాను నిండా ఏసినా, ఇంకో పంపు తగిలించినా. మూత బిగుసుకునింది. నేను లాగితే రాలా. నేనూ నాగవేణీ లాగితే రాలా. వీధిలో వాళ్ళంతా తాడు కట్టి లాగినారు. రెండు జతల ఎద్దుల్ని కట్టినాము. ఆఖరికి మా వీధి మల్లప్ప ట్రాక్టరు తెచ్చినాడు. తాడు తెగలా, మూత రాలా, ట్రాక్టరుకే ముందు సక్రాలు పైకి లేసినాయి. లోపల గాలి సున్న. సున్న కన్నా తక్కువ!"

"సున్న కన్నా తక్కువ గాలి ఎట్లుంటాదప్పా?" అన్నాడు గంగప్ప.

"ఉండదు గాబట్టే తక్కువ! మద్దెలో తగులుకోవద్దు. ఆఖరికి నాగవేణి జడలో పిన్నీసు తీసి వాషరును ఇట్ల గుచ్చింది. ఉస్స్‌మని గాలి లోపలికి పోయింది సూడు, ఆ ఊపుకు వీధిలో ఆరేసిన పంచెలు, సీరలు, మల్లప్ప నెత్తి మీద టవలు, అన్నీ ఎగిరొచ్చి క్యాను మూతికి అతుక్కున్యాయి. ఎవరి పంచె ఎవరిదో పంచిపెట్టేదానికి నాకు సాయంత్రమైంది."

అప్పటికే అంగడి ముందర నలుగురైదుగురు గుమిగూడినారు. ఒకాయన తాను ఎక్కాల్సిన బస్సు కదిలిపోతా ఉంటే సూసి కూడా ఎక్కలేదు. మారప్ప లేచి నిలబడి పంచె ఎగ్గట్టుకున్నాడు.

"ఇంక సల్లదనం సంగతి. వీడియోలో ఆయప్ప మైనస్ నలభై అన్నాడు. నలభై ఏం మూలకు? ఆరు కంప్రెసర్లు వరసగా తగిలించి మైనస్ నాన్నూరుకు దింపినా. మా వీధిలో కోళ్ళు ఐసుగడ్డలు పెట్టినాయి. ఈ గంగప్ప ఎనుమును పిండితే కుల్ఫీ వచ్చింది!"

"నా ఎనుమా? యాపొద్దు?"

"నువ్వు ఊర్లో ల్యావు. హార్సిలీ హిల్సుకు పోయే టూరిస్టులు మా ఊర్లో బస్సు దిగి, ఈడే సల్లగా ఉండాదని స్వెట్టర్లు ఏసుకోని మూడు దినాలు ఉండిపోయినారు. నాగవేణి వాళ్ళకు సంగటి వండలేక సచ్చింది."

"అట్లయితే మన పుంగనూరు పొట్టి ఆవులు గూడా ముందు పెద్దవేనా? నీ మిషనులో పడి ఆ సైజుకు వచ్చినాయా?" అన్నాడు ఫకీర్ సాహెబ్. అందరూ నవ్వినారు.

"ఆ సంగతి నా నోటితో నేను సెప్పకూడదు సాయబూ, ఆవులోళ్ళు బాధపడతారు. అసలు కథ ఇప్పుడుండాది. గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఎండబెట్టేది యాల, సెట్టునే ఎండబెడదాం అనుకున్యా! మా ఇంటెనకాల ఉండే నేరేడు సెట్టు, నలుగురు సేతులు కలిపితే గానీ అందదు దాని మాను. ఏర్లతో సహా పెకలించి, మా మిద్దె మొత్తానికి ట్యూబు వాషరు ఏసి, లోపల పెట్టి నడిపించినా. తొమ్మిదో దినం తలుపు తీస్తే, ఆకు ఆకే, కాయ కాయే, గూట్లో పిట్ట పిట్టే! సూపుడువేలు మీద నిలబెట్టుకోని బయటికి తెచ్చినా. మదనపల్లె జనానికి సూపిద్దామని అట్లే బస్సు ఎక్కినా. కండక్టరు 'ఏందప్పా, దీనికి లగేజీ కొట్టాల' అన్నాడు. ఆయప్ప సెయ్యి పట్టి సెట్టును దాని మీద పెట్టినా. సెట్టు తన సేతిలో ఉండాదని ఆయప్పకు తెలీలా, 'సెట్టు యాడ, సెట్టు యాడ' అని బస్సంతా ఎతికినాడు!"

సుమతి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతా ఉంది.

"మదనపల్లెలో దిగినా. టమోటా మార్కెట్టు కాడ జనం మూగినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి లేసింది. ఒక్క ఊపు! సెట్టు నా వేలి మీది నుంచి ఎగిరిందప్పా, పతంగి మాదిరి! నేను ఎనకాలే పరుగు. సెట్టు మేఘాల్లో, నేను రోడ్డు మీద. పుంగనూరు దాటింది, పలమనేరు దాటింది, కుప్పం కాడికి పోయింది. ఆడ వాన పట్టుకునింది. ఎండిన పండుకు నీళ్ళు తగిలితే ఏమైతాది? మళ్ళా పచ్చి పండే గదా! ఆకాశంలోనే పండ్లన్నీ బుడుంగు బుడుంగుమని ఊరినాయి. సెట్టు బరువెక్కి ఊగింది. కుప్పం టేసను మీద నేరేడు వాన! గొడుగు పట్టుకున్నోళ్ళు గొడుగు తిరగేసి పట్టుకున్నారు. బెంగుళూరు రైలు తెల్లంగా వచ్చి ఊదా రంగులో పోయింది. టేసను మాస్టరు పచ్చ జెండా ఊపితే అదీ ఊదానే, డ్రైవరుకు పోవాల్నో ఆగాల్నో తెలీక ఇంజను దిగొచ్చి, ఆయప్ప గూడా పండ్లు ఏరుకుంటా కూసున్యాడు!"

"అరె వాహ్!" ఫకీర్ సాహెబ్ పోస్తున్న టీ గ్లాసు నిండి, బల్ల మీదికి పారి, ఆయన కాలి మీద పడింది.

"ఆ వాసన అడవిలోకి పోయింది. కుప్పం పక్క అడవిలో ఏనుగులు ఉండాయి గదా, దాంట్లో ఒకటి, ఒంటి ఏనుగు, మిద్దె అంత ఉండాది, సీదా ఊర్లోకి వచ్చేసింది. జనం ఒకటే కేకలు, పరుగులు. ఫారెస్టోళ్ళు టపాకాయలు కాలిస్తే, అది సెవులు ఇసురుకుంటా నిలబడింది గానీ కదల్లా. నేనుండాను గదా! పాలక్యాను నా సంకలోనే ఉండాది. లోపల నాలుగు పండ్లు ఏసి ముందర పెట్టినా. అది తొండం క్యానులో దూర్చింది. ఒక వైరు తీసి రైలు తీగకు తగిలించి, స్విచ్చి ఒత్తినా! గుయ్‌మనింది పంపు. ఏనుగు నిలబడిండేది నిలబడినట్టే గడ్డ కట్టింది. లోపలుండే నీళ్ళంతా ఆవిరై మంచు మాదిరి లేసింది. దంతాలు దంతాలే, సెవులు సెవులే, తోక ఎంటికలు గూడా సెదర్లా. బరువు మాత్రం బొరుగంత! సంకన పెట్టుకోని, టీవీయస్ బండి అడుక్కోని, బార్డరు దాటించి లోపల అడవిలో దింపినా. మడుగులోంచి ఒక బిందె నీళ్ళు తెచ్చి నెత్తిన పోసినా. పొంగిందప్పా, నూనెలో ఏసిన అప్పళం మాదిరి! లేసి, ఒళ్ళు ఇదిలించుకోని, నా కల్లా సూసి, తొండం ఎత్తి దండం పెట్టి పోయింది. పద్నాలుగు ఊర్ల రైతులు నన్ను బుజాల మీద ఎక్కించుకోని..."

సుమతి ఫోను మోగింది.

ఆమె ఎత్తి, "సాదిక్ భాయ్, ఒక్క నిముసం, లైన్లోనే ఉండు" అని ఫోను అరచేత్తో మూసి, మారప్ప కల్లా తిరిగింది. నవ్వు లేదు మొగంలో.

"మామా, మదనపల్లె నుంచి పండ్ల మండీ సాదిక్ భాయ్. రేపటికి బండి పంపాల్నా, ఎంత పండు ఇస్తావు అని అడగతాండాడు. ఆయనకిస్తే వచ్చిన రేటుకు పోతాది, ఇవ్వకపోతే సెట్టు కిందనే మురుగుతాది. నీ ఏనుగు నాకొద్దు. సెట్టు వద్దు, రైలు వద్దు. ఆ మొదటి గుప్పెడు పండ్లు, పాలక్యానులో ఎండినాయి అన్నావే, అదొక్కటి నిజమైతే సెప్పు. సగం పండు ఇంట్లో పెట్టుకుంటా. పాలక్యాను ఉండాది, పంపు ఎట్లైనా తెచ్చుకుంటా, నువ్వు నేర్పిద్దువు. నిజమేనా?"

బుజాల మీద ఊరేగేదానికి పైకెత్తిన మారప్ప చేతులు మెల్లిగా కిందికి దిగినాయి. గంగప్పను సూసినాడు, సాయబును సూసినాడు. ఎవరూ ఆదుకోలేదు.

"బండి రమ్మనమ్మా" అన్నాడు.

"ఎంత పండుకు?"

"అంతా ఇచ్చెయ్. ఒక్క పండు గూడా పెట్టుకోవద్దు."

"అంటే?"

మారప్ప బెంచీ మీద కూలబడినాడు. గొంతు ఇప్పుడు పక్కనోళ్ళకే వినిపించేంత ఉంది. "క్యాను నిజం, పంపు నిజం. వీడియోలో సెప్పేది గూడా నిజమేనేమో, సరైన మిషను ఉండేవాళ్ళకు అయితాదేమో. నాకు కాలేదు. రెండు కంప్రెసర్లు పెట్టినా అంత సల్లదనం రాలా, మూత సందుల్లో గాలి లోపలికి దూరతానే ఉండాది. మూడో దినం తీస్తే ఊదా రంగు నీళ్ళు. దాంట్లో తోలు తేలతాండాది. పారబోసేదానికి ఎత్తుకున్యా. నాగవేణి సెయ్యి పట్టుకోని, అందులో ఒకటి తీసి నోట్లో ఏసుకునింది. 'బాగుండాది' అనింది." టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. "పెండ్లయి ఇన్నేండ్లల్లో ఆయమ్మ నాకు అబద్ధం సెప్పింది ఆ ఒక్కతూరే."

గంగప్ప తన బామ్మర్ది పంపు గురించి ఏదో అడగబోయి మానుకున్నాడు.

సుమతి ఫోను చెవికి పెట్టుకునింది. "బండి పంపించు భాయ్. అంతా ఇస్తాండా. పొద్దున తొమ్మిదికంతా కోసి పెడతాము." ఫోను సంచిలో ఏసుకునింది. సదుం బస్సు హారన్ కొడతా వచ్చి నిలబడింది. ఆమె లేచి రెండడుగులు పోయి, వెనక్కి వచ్చింది.

"మామా, రేపు తెల్లారకముందే, మొబ్బుతోనే మా తోటకాడికి రా. పండు కోసేదానికి మనుషులు సాలక పొద్దున్నుంచి తిరగతాండా. పొయ్యేటప్పుడు నాగవేణక్కకు బుట్టెడు పండు తీసకపోదువు."

మారప్ప తలెత్తినాడు. "నేనా? నాకు ఆ పని యాడొస్తాదమ్మా?"

"అట్లంటావేంది మామా! మదనపల్లె నుంచి కుప్పం దాకా ఎతికినా, నీ మాదిరి కోతలు కోసేవాళ్ళు ఇంకొకరు ఉండారా?"

అంగడి గొల్లుమనింది. సుమతి బస్సెక్కింది. అందరికన్నా లేటుగా, అందరికన్నా గట్టిగా నవ్వినవాడు మారప్పే.