అంబదాస్‌కు నేను రాసిచ్చిన ఆరు పేజీలు

(ఇంగ్లండుకు తిరిగి ప్రయాణమవుతున్న అంబదాస్, బాలలక్ష్మి దంపతులకు 1966 ఫిబ్రవరిలో మెట్‌పల్లి నేతకారుల సంఘం ఇంట్లో జరిగిన వీడ్కోలు సభలో, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు మధుసూదన్‌రావు చేసిన ప్రసంగం)

అధ్యక్షత వహించిన వకీలు దయాకర్‌రావు గారికి, ముందు వరుసలో కూర్చున్న కులపెద్దలకు, నా చేత బెత్తం దెబ్బలు తిని కూడా ఇవాళ నాకు కుర్చీ చూపించిన శిష్యులకు, తలుపు దగ్గర నిలబడ్డ ఆడబిడ్డలకు, వీళ్ళందరికన్నా పెద్దామె కొమురవ్వకు నమస్కారం. కొమురవ్వా, ఆ స్తంభం చాటున కూర్చున్నావు, జర ముందుకు రా. నేను మాట్లాడేదాంట్లో సగం నీకోసమే.

అధ్యక్షులు నాకు పది నిమిషాలు ఇచ్చారు. ముప్పై రెండేండ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, గంట కొడితే తప్ప ఆగడం నాకు అలవాటు లేదు. గంట ఎవరి దగ్గరైనా ఉంటే దాచిపెట్టండి. (నవ్వులు)

అంబదాస్ నా దగ్గర ఏడో తరగతి దాకా చదివాడు, తరువాత మగ్గం గుంతలోకి దిగాడు, అక్కణ్ణుంచి షోలాపూరు మిల్లుకు, అక్కణ్ణుంచి ఓడ ఎక్కి ఇంగ్లండులో ఒక నూలుమిల్లుల ఊరికి పోయాడు. ఆ ఊరి పేరు ఇంగ్లీషు పంతులునై ఉండి కూడా నాకు సరిగ్గా నోరు తిరగదు, అంబదాస్ మాత్రం మెట్‌పల్లి అన్నంత సులువుగా అనేస్తాడు. (నవ్వులు) నాకు ఇంగ్లీషు వచ్చునని ఈ ఊళ్ళో పేరు. అతనికి రాదని పేరు. ఇవాళ నేను చెప్పబోయేది ఆ రెండు పేర్ల సంగతే.

అక్కడ గుజరాతు వాళ్ళు, పంజాబు వాళ్ళు, మనవాళ్ళు నలుగురైదుగురు, అంతా కలిపి వంద మంది హిందువులు కూడా లేరు. ఒక సమాజం పెట్టుకున్నారు. రాత్రంతా మిల్లులో పనిచేసి, పొద్దున నిద్ర మానుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు ఎవరని చూస్తే అందరికీ అంబదాసే కనబడ్డాడు. అలా కార్యదర్శి అయ్యాడు. బాలలక్ష్మీ, తల వంచుకోకు, నీ సంగతి కూడా చెప్పాలి. ఈమె ఆరుగురు ఆడవాళ్ళను పోగేసి అక్కడి తోటలో బతుకమ్మ ఆడి చెరువులో వేస్తుంటే పోలీసు వచ్చి నీళ్ళలో ఏం పారేస్తున్నారని అడిగాడట. మాట రాక ఆయన చేతిలో పండుగకు రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద ఒకటి పెట్టిందట. ఆయన తిని, పాట అయిపోయేదాకా నిలబడి పోయాడట. మరుసటి ఏడు మునిసిపాలిటీ వాళ్ళు కాగితం మీద అనుమతి ఇచ్చారు. ఆ పోలీసు మాత్రం పిలవకుండానే వచ్చాడట, ముద్ద కోసం. (నవ్వులు)

అయితే పూల సంగతి వేరు, మనిషి పోయినప్పటి సంగతి వేరు. ఆ ఊళ్ళో దహనం చేసే భవనం ఒకటుంది. శవాన్ని పెట్టెలో ఉంచి ప్రార్థన చదివాక ముందర తెర పడుతుంది. ఆ తెర వెనక్కి అయినవాళ్ళు పోకూడదు, లోపల ఉద్యోగి ఒకాయన మీట నొక్కుతాడు. కొరివి పట్టే చెయ్యి అంటూ లేదు. మా వాళ్ళలో ఒక్కణ్ణి లోపలికి రానివ్వండి, ఆ మీట వాడి చేత్తో నొక్కనివ్వండి అని సమాజం వాళ్ళు మునిసిపాలిటీకి అర్జీ పెట్టారు. ఇది మీ ధర్మంలో తప్పనిసరి అని మీ దేశపు పెద్దల చేత రాయించి తెండి, చూస్తాం అని జవాబు వచ్చింది. అంబదాస్ నాకు ఉత్తరం రాశాడు. "సారు, పెద్దమనుషులను కూసోవెట్టి ఒక్క కాగితం రాయించి పంపుండ్రి, జల్ది" అని.

ఐదేండ్ల కింద, ఈ ఇంట్లోనే కూర్చున్నాం. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. శివాచారం వాళ్ళు మేం పూడ్చిపెడతాం, మాకు కొరివి సంగతే లేదు అన్నారు. నామాల వాళ్ళు పెద్దకొడుకు చెయ్యి పడితేనే గతి అన్నారు. కొడుకు లేకుంటే అల్లుడా, పాలివాడా అని ఒక రోజు పోయింది. దయాకర్‌రావు గారూ, తమరు తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు అనే మాట చేరి తీరాలని ఒక పూటంతా వాదించారు. (అధ్యక్షులు: నిజమే, నిజమే. నవ్వులు) ఒకరి మాట రాసి ఇంకొకరి మాట వదిలేస్తే తెల్లారి ఊళ్ళో తిరగలేం కదా. అందుకని ఎవరి మనసూ నొవ్వకుండా అందరి మాటా రాశాను. పందొమ్మిది రోజులు పట్టింది. ఆరు పేజీలు, మంచి ఇంగ్లీషు. పోస్టు చేసే ముందు మా ఇంటావిడ సరళాదేవికి రెండుసార్లు చదివి వినిపించాను, పాపం ఆమెకు ఇంగ్లీషు రాదు. (నవ్వులు)

ఆ ఆరు పేజీలు చదివి అక్కడి అధికారి అన్న మాట ఏమిటంటే, మీలో మీకే ఒక్క మాట లేదు, మేం దేన్ని ఒప్పుకోవాలి అని. అర్జీ కొట్టేశారు.

మూడు వారాలకు వెంకటి పోయాడు. కొత్తగా వచ్చిన వాళ్ళకోసం చెబుతున్నాను, వెంకటి ఈ కొమురవ్వ ఒక్కగానొక్క కొడుకు, అంబదాస్ చిన్ననాటి జతగాడు, అదే మిల్లులో అదే వరుసలో పనిచేసేవాడు. మంచు కురిసే నెలలో ఊపిరితిత్తులకు జబ్బు చేసింది. అంబదాస్ తెరకు ఇవతల బల్ల మీద కూర్చున్నాడు. అవతల ఎవరో మీట నొక్కారు.

మంచినీళ్ళు ఇవ్వండి నాయనా.

ఆ నెలలో నాకు అంబదాస్ దగ్గర నుంచి వచ్చిన ఉత్తరం ఇంతే. "సారు, మీ కాగితం అందింది. మంచిగ రాసిండ్రు." ఆ ఉత్తరాన్ని నేను ఐదేండ్లు బడిలో, బజారులో, పెండ్లిళ్ళలో అందరికీ చూపించుకుని తిరిగాను. మొన్న పుష్యమాసంలో వచ్చినప్పుడు కూడా అతను ఒక్క మాట అనలేదు. తన ఇంటి గడప తొక్కకముందే కొమురవ్వ ఇంటికి పోయి, నీ కొడుకుకు నా చెయ్యి అందలేదవ్వా అని కాళ్ళమీద పడ్డాడట, కాగితం ఊసు మాత్రం ఎత్తలేదట. బాలలక్ష్మి వంటింట్లో మా ఇంటావిడతో మాట్లాడుతూ నోరు జారితే, ఆ కాగితం వల్లనే అర్జీ పోయిందని నాకు తెలిసింది. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి లేచిపోయాను.

వెంకటి తరువాత అంబదాస్ ఎవరినీ కాగితం అడగలేదు. మూడేండ్లు తిరిగి, మునిసిపాలిటీ సభలో తానే నిలబడ్డాడు. మీలో ఇన్ని ఆచారాలున్నాయి కదా, ఏది ఇమ్మంటావు అని వాళ్ళు మళ్ళీ అదే ప్రశ్న వేశారు. వచ్చీరాని ఇంగ్లీషులో తాను చెప్పింది మన మాటల్లో మొన్న నాకు చెప్పాడు. "మాలోపట కాలవెట్టెటోళ్లున్నరు, పూడ్సెటోళ్లున్నరు. గని అయినోళ్లు ఎవ్వరు లేకుంట సాగనంపుడు మాలోపట ఎవ్వరికి లేదు. గంత మటుకు ఇయ్యుండ్రి." వాళ్ళు ఇచ్చారు. ఇప్పుడు ఆ ఊళ్ళో ఏ హిందువు పోయినా ఇద్దరు మనుషులు తెర వెనక్కి పోతారు, ఒక చెయ్యి మీట మీద ఉంటుంది. ఆరు పేజీల్లో నాకు దొరకని మాట అది. నా శిష్యుడికి దొరికింది. నాకు సిగ్గుగానూ ఉంది, గర్వంగానూ ఉంది, రెంటిలో ఏది ఎక్కువో తెలియడం లేదు.

వెంకటి బూడిదను ఐదేండ్లు తమ ఇంట్లో ఇత్తడి చెంబులో దాచి తెచ్చారు. పోయిన వారం బాసరలో గోదావరి ఒడ్డున మెట్ల మీద నేను కొమురవ్వకు నిజం చెప్పాను. ఆ కాగితం నేనే రాశాను, నా వల్లనే అర్జీ పోయింది అని. ఆమె అన్న మాట మీరందరూ వినాలి. "ఊళ్లె అందరి మాట రాసినవ్ సారు. నా కొడుకు కోసం అడుగుతున్నమన్న ముచ్చట మర్సినవ్. సరె తియ్యి. దా, నువ్వు గూడ ఒక చెయ్యి వెయ్యి." ఆ చెంబు మీద నాలుగు చేతులు పడ్డాయి. ఆమెది, అంబదాస్‌ది, బాలలక్ష్మిది, నాది. నాకు ఏడుపు ఆగలేదు, దాచుకోలేదు కూడా.

పిల్లలకు తెలుగు, పండుగలు నేర్పడానికి ఒక గది ఇమ్మని సమాజం వాళ్ళు ఇప్పుడు మునిసిపాలిటీని అడుగుతున్నారట. అంబదాస్ వద్దన్నా వినక ఈసారి కూడా నేనే రాసిచ్చాను. నాలుగు వాక్యాలు. దయాకర్‌రావు గారికి చూపించలేదు. (నవ్వులు)

చివరగా, చాపలు పరిచినవారికి, చాయ్ కాచినవారికి, ఓపికగా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. వెంకటి ఈ ఊరు విడిచిన పొద్దు బడిలో పరీక్షలున్నాయని నేను బస్సు దగ్గరికి పోలేదు. ఇంకెవరూ పోలేదట, వాడొక్కడే సామాను పైకెక్కించుకున్నాడట. రేపు పొద్దున ఆరింటికి నిజామాబాదు బస్సు. ఏం కొమురవ్వా? ఐదింటికే వచ్చి కూర్చుంటానంటున్నది. నీకన్నా ముందు నేనుంటానవ్వా. సెలవు.